మా ఇంగ్లిష్ మేడమ్ ఈ సమ్మర్‌లో థ్రిల్లర్లు ఎందుకు చదివారు?

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. ఆగండి ఆగండి, బ్యాక్ బటన్ నొక్కకండి! "రోజూ పది పేజీలు చదివితే కోటీశ్వరులు అయిపోతారు" టైపు వీడియో కాదిది. హత్యలు, అబద్ధాలు, మాయమైపోయిన మనుషులు ఉండే పుస్తకాల గురించి. వాటిని కూర్చుని చదివింది ఎవరో తెలుసా? మా స్కూల్ ఇంగ్లిష్ మేడమ్. యాభై ఐదేళ్ళు దాటాయి ఆవిడకి.

మే నెలలో తెనాలి వెళ్ళాను. అమ్మ మామిడికాయలు ఇచ్చి, "మీ మేడమ్‌కి ఇచ్చి రారా, ఎప్పుడూ నిన్ను అడుగుతూ ఉంటుంది" అని పంపించింది. వెళ్తే, హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని మేడమ్ ఒక నల్ల అట్ట పుస్తకం చదువుతున్నారు. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ అయ్యుంటుంది అనుకున్నా. చూస్తే "వన్ ఆఫ్ అస్ ఈజ్ లయింగ్". కాలేజీ పిల్లలు రీల్స్‌లో చూపిస్తుంటారే, ఆ నవల. నాకు నవ్వాగలేదు.

"నవ్వకురా. ముప్పై పేజీలు ఉంది, అయ్యాక మాట్లాడతా. ఫ్రిజ్‌లో మజ్జిగ ఉంది, పోసుకో" అన్నారు.

నిజంగానే ముప్పై పేజీలు అయ్యేదాకా నాతో మాట్లాడలేదండీ! అయ్యాక అసలు కథ చెప్పారు.

ఫిబ్రవరిలో తొమ్మిదో క్లాసులో పాఠం చెప్తున్నారట. వెనక బెంచీలో ఒక అమ్మాయి సోషల్ పుస్తకం నిలబెట్టి, దాని వెనక ఇంకో పుస్తకం పెట్టుకుని చదువుతోంది. మనందరం చేసిన పనే. మేడమ్ వెళ్ళి లాక్కున్నారు. "మీ నాన్న ఫీజు కట్టి పంపిస్తే నువ్వు చదివేది ఈ చెత్తా?" అని అందరి ముందూ అరిచారు. ఆ అమ్మాయి మెల్లగా, "మీరు చదివారా మేడమ్?" అంది.

"పొగరుగా అడగలేదురా. చదివి ఉంటారేమో అని నిజంగానే అడిగింది. నేను చదవలేదు. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లిష్ చెప్తున్నా. అట్ట చూసి చెత్త అన్నాను" అన్నారు మేడమ్.

నా కథ కూడా చెప్పేస్తా. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు మా బాబాయి కార్డు మీద అద్దె పుస్తకాల షాపు నుంచి మధుబాబు షాడో నవల తెచ్చుకున్నా. దాన్ని కూడా క్లాసులో ఇలాగే లాక్కున్నారు. ఎవరు? ఈ మేడమే. షాపాయనకి పుస్తకం డబ్బులు కట్టాల్సి వచ్చింది, ఇంట్లో తిట్లు పడ్డాయి. తర్వాత టెన్త్, ఇంటర్, ఎంసెట్, బీటెక్, జాబ్. పన్నెండేళ్ళు సిలబస్‌లో లేని పుస్తకం ముట్టుకోలేదు నేను. ఆవిడ వల్లే అని చెప్పట్లేదు, ఇంటర్ కాలేజీలో ఊపిరి తీసుకోవడానికే టైమ్ ఉండేది కాదు. కానీ తలుపు మూసుకున్నది ఆ రోజే.

"మీకు గుర్తుందా మేడమ్?" అని అడిగా. "లేదు నాన్నా" అన్నారు. కాసేపాగి, "ఎంతమంది దగ్గర లాక్కున్నానో" అన్నారు.

ఆ అమ్మాయి పుస్తకాన్ని ఆ రాత్రే ఇంటికి తీసుకెళ్ళి చదివారట. రెండింటిదాకా. అప్పుడు మొదలైంది ఈ చదువు. సమ్మర్ అయ్యేసరికి పదకొండు పుస్తకాలు. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అన్నింటి మీదా నోట్స్ రాసుకున్నారు. ఇప్పుడు నేను చెప్పబోయే దాంట్లో సగం ఆ నోట్‌బుక్‌లోది, సగం నా ఇంజినీర్ బుర్రలోది.

ఫస్ట్, ఈ యంగ్ అడల్ట్ అంటే ఏంటి?

షార్ట్‌గా వైఏ అంటారు. మామూలుగా 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసే పుస్తకాలు. అంటే "పిల్లల కథలు" అనుకోకండి. ఇందులో హీరో లేదా హీరోయిన్ టీనేజర్ అయ్యుండాలి, కథ వాళ్ళ కళ్ళతోనే కనిపించాలి. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసి "ఆహా ఆ రోజులు" అని నిట్టూర్చే కథ వేరు. వైఏలో ఆ పిల్లకి రేపు ఏం జరుగుతుందో ఇంకా తెలీదు. అందుకే చిన్న విషయం కూడా చావోరేవో లాగా ఉంటుంది.

దీనికి దారి వేసిన పుస్తకాల్లో ముఖ్యమైనది "ది అవుట్‌సైడర్స్". 1967లో వచ్చింది. రాసిన ఎస్.ఇ. హింటన్ ఒక అమ్మాయి. 15 ఏళ్ళప్పుడు రాయడం మొదలుపెట్టింది, పుస్తకం వచ్చేసరికి ఆమెకి 18. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, టల్సా అనే ఊరు ఆమెది. డబ్బున్న కుర్రాళ్ళ గ్యాంగ్, లేని కుర్రాళ్ళ గ్యాంగ్, వాళ్ళ గొడవలు. తన స్కూల్లో చూసిందే రాసింది. అమ్మాయి పేరు చూస్తే రివ్యూ రాసేవాళ్ళు తేలిగ్గా తీసేస్తారని అట్ట మీద ఇనీషియల్స్ మాత్రమే వేశారు.

దీనికి ఒక మంచి కొసమెరుపు ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఒక స్కూల్ లైబ్రరీలో పనిచేసే ఆవిడ, అక్కడి పిల్లలు కలిసి, ఈ పుస్తకాన్ని సినిమా తీయండి అని "గాడ్‌ఫాదర్" డైరెక్టర్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకి ఉత్తరం రాశారు. పిల్లలందరూ సంతకాలు పెట్టారు. ఆయన నిజంగానే తీశాడు, 1983లో. ఈ ముక్క దగ్గర మా మేడమ్ నోట్‌బుక్‌లో రెండు గీతలు గీసుకున్నారు. "ఆవిడ లాక్కోలేదురా. పిల్లలతో కలిసి సంతకం పెట్టించింది" అన్నారు.

ఇప్పుడు అసలు టాపిక్. థ్రిల్లర్ మనల్ని ఎలా పట్టుకుంటుంది?

మొదటి ట్రిక్, సస్పెన్స్. దీన్ని అందరికంటే బాగా వివరించింది ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా సింపుల్. ఇద్దరు టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు. టేబుల్ కింద బాంబు ఉంది. ఆ సంగతి మనకి చెప్పకుండా సడెన్‌గా పేలిస్తే, పదిహేను సెకన్లు షాక్. అదే బాంబు ఉందని, అది ఎన్నింటికి పేలుతుందో మనకి ముందే చెప్పి, గోడ మీద గడియారం చూపించి, వాళ్ళని మాత్రం తాపీగా మాట్లాడుకోనిస్తే? పదిహేను నిమిషాలు మన గుండె నోట్లోకి వస్తుంది. "లేవండ్రా బాబూ, లేవండి" అని మనమే అరుస్తాం.

అంటే ఏం తేలింది? దాచిపెడితేనే టెన్షన్ అనుకుంటాం. కానీ చాలాసార్లు చెప్పేస్తేనే టెన్షన్. హత్య ఎవరు చేశారు అని వెనక్కి వెతికేది మిస్టరీ. ఇప్పుడు ఏమవుతుంది అని ముందుకి భయపడేది థ్రిల్లర్. మంచి పుస్తకాల్లో రెండూ కలిసి ఉంటాయి.

"వన్ ఆఫ్ అస్ ఈజ్ లయింగ్" చూడండి. కారెన్ మెక్‌మానస్ రాసింది, 2017లో వచ్చింది. ఐదుగురు స్టూడెంట్స్‌ని పనిష్మెంట్‌గా ఒక క్లాస్‌రూమ్‌లో కూర్చోబెడతారు. నలుగురే బతికి బయటికి వస్తారు. చనిపోయిన అబ్బాయి ఒక గాసిప్ యాప్ నడుపుతుంటాడు, స్కూల్లో అందరి రహస్యాలూ అందులో పెడుతుంటాడు. ఆ నలుగురి గురించీ పోస్ట్ చేయబోతున్నాడు. ఇప్పుడు కథ చెప్పేది ఎవరు? ఆ నలుగురే, వంతులవారీగా ఒక్కొక్కరు. ప్రతి ఒక్కరూ మనకి ఏదో దాస్తున్నారు. మనం అందరితోనూ ఫ్రెండ్‌షిప్ చేస్తూనే అందరినీ అనుమానిస్తాం.

రెండో ట్రిక్, మధ్యలో ఆపడం. చాప్టర్ చివర తలుపు చప్పుడవుతుంది. ఎవరు? తర్వాతి చాప్టర్‌లో. ఇది మనకి కొత్త కాదండోయ్. మన అమ్మమ్మల తరం వారపత్రికలో సీరియల్ చదివి, చివర "సశేషం" చూసి వారం అంతా తిట్టుకునేవాళ్ళు. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు జనం ఎదురుచూసింది ఆ సశేషం కోసమే. అంతకు ముందు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. తెలుగువాళ్ళకి థ్రిల్లర్ ఎప్పుడూ కొరత లేదు. స్కూల్ బ్యాగ్‌లో ఉంచుకోవడానికి పర్మిషన్ మాత్రం లేదు.

సగంలో ఆగిపోయిన పని మనసులో తిరుగుతూనే ఉంటుంది అని 1920ల్లో బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్ట్ ప్రయోగాలు చేసి చెప్పింది. తర్వాత చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం ప్రతిసారీ రాలేదు, కాబట్టి దాన్ని వేదవాక్కు అనుకోకండి. కానీ సశేషం దెబ్బ తిన్న మనిషికి ప్రయోగం అక్కర్లేదు.

ఇక్కడ నేను ఒక విషయం ఒప్పుకోవాలి. జాబ్‌లో ఉన్నప్పుడు ఏడాదిన్నర ఒక యాప్ నోటిఫికేషన్స్ టీమ్‌లో పనిచేశా. మా టీమ్ పని ఒక్కటే. యాప్ మూసేసిన మనిషి మళ్ళీ తెరవాలి. "మీ కోసం ఒకటి ఎదురుచూస్తోంది" అని పంపుతాం. ఏంటో చెప్పం. చెప్తే తెరవరు కదా! అంటే అది కూడా సశేషమే. సరిగ్గా అదే ట్రిక్.

మేడమ్‌కి ఇది చెప్తే, "మరి తేడా ఏంటిరా? నేను పుస్తకం ఇస్తే మంచి, నువ్వు నోటిఫికేషన్ ఇస్తే చెడా?" అని అడిగారు. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయా. తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో తట్టింది.

నవలకి చివరి పేజీ ఉంది.

అంతే. రచయిత మనల్ని మూడు వందల పేజీలు ఏడిపించినా, చివరికి బాకీ తీర్చాల్సిందే. తలుపు కొట్టింది ఎవరో చెప్పాలి. అబద్ధం ఎవరిదో తేలాలి. తేలకపోతే మనం పుస్తకం విసిరికొట్టి, పదిమందికి చదవొద్దని చెప్తాం. ఫీడ్‌కి ఆ బాధ్యత లేదు. ఇన్ఫినిట్ స్క్రోల్‌ని 2006లో డిజైన్ చేసిన ఆజా రాస్కిన్ తర్వాత తనే దాని గురించి బాధపడుతున్నట్టు బయటికి చెప్పాడు. కింద గీత ఉంటే మనం ఆగి "చాలా?" అని ఆలోచిస్తాం. ఆ గీత తీసేశారు. థ్రిల్లర్ మనల్ని పరిగెత్తించి ఇంటి దగ్గర దింపుతుంది. ఫీడ్ పరిగెత్తిస్తూనే ఉంటుంది. రెండూ రాత్రి రెండింటిదాకా మేల్కొల్పుతాయి, అది నిజమే. పొద్దున లేచాక ఏం గుర్తుందో చూసుకోండి.

మూడో ట్రిక్, నమ్మకూడని మనిషితో కథ చెప్పించడం. గిలియన్ ఫ్లిన్ "గాన్ గర్ల్", 2012. ఐదో పెళ్ళిరోజున భార్య మాయమవుతుంది. ఒక చాప్టర్ భర్త చెప్తాడు, ఒక చాప్టర్ భార్య డైరీ. ఇంతకంటే చెప్పను, చెప్తే మీరు నన్ను వదలరు. ఇది పెద్దవాళ్ళ పుస్తకం, పిల్లలకి ఇవ్వనని మేడమ్ స్పష్టంగా రాసుకున్నారు. కానీ పక్కన ఇలా కూడా రాశారు: "అందంగా రాసినంత మాత్రాన నిజం కాదు. ఇది తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలి?"

నాకు ఇది చాలా నచ్చింది. ఎందుకంటే వాట్సాప్‌లో ఫార్వర్డ్ రాగానే నమ్మేసే ఇంట్లో పెరిగాం మనం. "చెప్పేది ఎవరు? వాళ్ళకి ఏం కావాలి? చెప్పకుండా వదిలేసింది ఏంటి?" అనే మూడు ప్రశ్నలు థ్రిల్లర్ చదివేవాడికి అలవాటైపోతాయి.

దీనికి బెస్ట్ ఎగ్జాంపుల్ "ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్". హాలీ జాక్సన్ రాసిన పుస్తకం, 2019. ఆ అమ్మాయి దగ్గర లాక్కున్నది ఇదే. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు. ఐదేళ్ళ క్రితం ఒక అమ్మాయి హత్య జరిగింది, ఆమె బాయ్‌ఫ్రెండ్ సాల్ సింగ్ చేశాడని ఊరంతా తేల్చేసింది. అతను కూడా చనిపోయాడు. పేరు చూశారుగా, మన ఇండియన్ ఫ్యామిలీ. ఊళ్ళో వాళ్ళని ఇప్పటికీ దోషుల్లాగే చూస్తారు. పిప్ అనే స్టూడెంట్ మాత్రం నమ్మదు. దాన్నే స్కూల్ ప్రాజెక్ట్‌గా తీసుకుంటుంది. సాల్ తమ్ముడు రవి ఆమెకి తోడవుతాడు. ఇంటర్వ్యూల ట్రాన్స్‌క్రిప్టులు, ప్రాజెక్ట్ నోట్స్ కూడా కథలో భాగంగానే ఉంటాయి. మన సైట్‌లో ట్రాన్స్‌క్రిప్ట్ చదువుతున్నట్టే ఉంటుంది.

మేడమ్ అన్నారు, "అందరూ తేల్చేసిన దాన్ని ఒక పిల్ల మళ్ళీ ప్రశ్నించడం గురించిన పుస్తకంరా అది. దాన్ని నేను చదవకుండా చెత్త అని తేల్చేశాను."

ఇంకో పుస్తకం గురించి చెప్పాలి. ఆంజీ థామస్ "ది హేట్ యు గివ్", 2017. పదహారేళ్ళ స్టార్ అనే నల్లజాతి అమ్మాయి. పక్కనే ఉన్న ఫ్రెండ్‌ని పోలీస్ కాల్చేస్తాడు, చూసింది ఈమె ఒక్కతే. సాక్ష్యం చెప్పాలా వద్దా? ఇది కథ. కానీ మేడమ్‌ని పట్టుకున్నది ఇంకోటి. స్టార్ ఇంటి దగ్గర ఒకలా మాట్లాడుతుంది, డబ్బున్న పిల్లల స్కూల్లో ఇంకోలా మాట్లాడుతుంది. ఎక్కడా పూర్తిగా తను కాదు. అమెరికాలో జాతి వివక్ష బాధ వేరు, మనది వేరు, రెండూ ఒకటే అనట్లేదు. కానీ ఇంట్లో తెలుగు, స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టిన పిల్లలకి ఆ నోరు మార్చుకోవడం ఏంటో తెలుసు. "ఆ ఫైన్ వసూలు చేసింది కూడా నేనే" అన్నారు మేడమ్, నా వైపు చూడకుండా.

సరే, మరి కళ్ళు మూసుకుని అన్నీ పిల్లలకి ఇచ్చేయాలా? కాదు. ఈ పుస్తకాల్లో డ్రగ్స్ ఉంటాయి, ఆత్మహత్యలు ఉంటాయి, అమ్మాయిల మీద జరిగే హింస ఉంటుంది. అందుకే మేడమ్ పద్ధతి ఒక్కటే. ముందు తను చదవాలి. నోట్‌బుక్‌లో ప్రతి పుస్తకానికీ మూడు గళ్ళు. ఏ వయసు నుంచి ఇవ్వొచ్చు. ఏ పేజీలు కొంచెం కష్టంగా ఉంటాయి. చదివాక పిల్ల వచ్చి ప్రశ్న అడిగితే నేను ఏం చెప్పాలి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పుస్తకం ఇవ్వరు. పేరెంట్స్ ఎవరైనా వింటుంటే, ఇది కాపీ కొట్టండి.

ఇప్పుడు మీ సంగతి. "బ్రో, నేను పుస్తకం చదివి ఐదేళ్ళయింది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అంటే నా సలహా ఇది.

చిన్న పుస్తకంతో మొదలుపెట్టండి. లూయిస్ సాచర్ "హోల్స్", 1998. చేయని దొంగతనానికి ఒక కుర్రాడిని శిక్షా శిబిరానికి పంపుతారు. పేరు గ్రీన్ లేక్, కానీ చెరువు ఎండిపోయి ఉంటుంది. రోజుకో గొయ్యి తవ్వాలి, ఐదు అడుగుల లోతు, ఐదు అడుగుల వెడల్పు. ఎందుకు తవ్విస్తున్నారు? అదే కథ. ఇంగ్లిష్ చాలా తేలిక, చాప్టర్లు చిన్నవి. 1999లో న్యూబెరీ మెడల్ వచ్చింది.

ప్రతి పదానికీ డిక్షనరీ తీయకండి. వాక్యం అర్థమైతే ముందుకెళ్ళిపోండి. అదే పదం మూడోసారి వస్తే అప్పుడు చూడండి. ఫోన్‌లో చదువుతుంటే నోటిఫికేషన్స్ ఆపేయండి. ఆ నోటిఫికేషన్లు ఎవరు రాస్తారో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. నలభై పేజీలకి కూడా నచ్చకపోతే వదిలేయండి, పరీక్ష ఏం లేదు. ఇంగ్లిష్ భయం అనుకుంటే తెలుగులోనే మొదలుపెట్టండి. యుగంధర్ ఉన్నాడు, షాడో ఉన్నాడు. ఒకసారి మీ ఊరి గ్రంథాలయానికి కూడా వెళ్ళండి. ఇంటి పన్నుతో పాటు దానికి సెస్ కడుతూనే ఉన్నాం, లోపల ఏముందో చూడకపోతే ఎలా?

చివరగా, ఆ అమ్మాయి ఏమైంది? 

చదివిన మర్నాడే మేడమ్ పుస్తకం తిరిగి ఇచ్చేశారు. తిట్టింది అందరి ముందు కాబట్టి సారీ కూడా అందరి ముందే చెప్పారు. ఆ అమ్మాయి పుస్తకం తీసుకుని బ్యాగ్‌లో పెట్టుకుంది, ఏమీ అనలేదు. ఆ తర్వాత క్లాసుకి ఏ పుస్తకమూ తీసుకురాలేదు. ఇంట్లో చదువుతోందో, నాలాగా తలుపు మూసేసుకుందో మేడమ్‌కి తెలీదు.

జూన్‌లో స్కూల్ తెరిచాక, క్లాస్‌రూమ్ వెనక గూట్లో పిల్లలకి ఇవ్వదగ్గ పుస్తకాలు పెట్టారు. రిజిస్టర్ పెట్టలేదు, ఎవరు తీసుకున్నారో రాయక్కర్లేదు. మొదటి వారం ఒక్కరూ ముట్టుకోలేదట. నిన్న ఫోన్ చేశా. "రెండు పుస్తకాలు కనపడట్లేదురా" అన్నారు. గొంతులో సంతోషం తెలుస్తోంది.

"ఎవరు తీసుకున్నారు మేడమ్? ఆ అమ్మాయేనా?"

"తెలీదు. అడగను కూడా. సశేషం అనుకో" అన్నారు.

ఇదండీ ఈ ఎపిసోడ్. మీ దగ్గర ఎవరైనా లాక్కున్న పుస్తకం పేరు కామెంట్‌లో రాయండి. టీచర్ పేరు మాత్రం వద్దు, పుస్తకం పేరు చాలు. దొరికితే ఈ వారం దాన్ని మళ్ళీ మొదలుపెట్టండి. నేను షాడో మొదలుపెట్టా. మళ్ళీ కలుద్దాం, బై.